ఆ కొమ్మ మీద పిట్ట కనిపిస్తోందా?

బడులు తెరిచే జూన్ నెలలో ఓ సాయంత్రం అబిడ్స్‌లోని కళ్లద్దాల షాపుల వైపు వెళ్లి చూడండి. కౌంటర్ల ముందు కూర్చున్న వాళ్లలో తాతయ్యలూ అమ్మమ్మలే కాదు, స్టూలు మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనని పిల్లలు కూడా ఉంటారు. బోర్డు మీద అక్షరాలు కనిపించట్లేదని టీచర్ చెబితే వచ్చినవాళ్లు కొందరు. టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నాడని తల్లి గమనించి తీసుకొచ్చినవాళ్లు ఇంకొందరు. పిల్లలకు ఫ్రేమ్ రంగు ఎంచుకోవడం సరదాగానే ఉంటుంది. తల్లిదండ్రుల మనసులో మాత్రం ఒకటే ప్రశ్న: ‘‘పెద్దయ్యాక ఈ సైట్ పోతుందా డాక్టర్?’’

పోదు. పిల్లలకు వచ్చే సైట్‌లో ఎక్కువ భాగం హ్రస్వదృష్టి. అంటే దగ్గరివి బాగానే కనిపిస్తాయి, దూరంవి మసకబారతాయి. కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా పొడవుగా పెరగడమే దీనికి ప్రధాన కారణం. పెరిగిన గుడ్డు మళ్లీ కుదించుకుపోదు కదా! పైగా ఒంటితో పాటు కన్ను కూడా పెరిగే వయసు కాబట్టి టీనేజీ చివరి వరకూ పవర్ పెరుగుతూ పోవచ్చు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. అసలు రాకుండా చూసుకోగలమా?

దీనికి వైద్యశాస్త్రం ఇప్పుడు చాలా ధీమాగా చెబుతున్న సమాధానం చుక్కల మందూ కాదు, క్యారెట్ కూరా కాదు. పిల్లల్ని పగటిపూట బయట తిప్పండి అంటోంది. అంతే.

కంటికి వెలుతురే ఆహారం

పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 23, 24 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఎక్కడ ఆగాలో కంటికి సంకేతం అందాలి. ఆ సంకేతాల్లో ముఖ్యమైంది వెలుతురని పరిశోధకుల భావన. వెలుగు బాగా పడినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది కనుగుడ్డు అతిగా సాగకుండా పగ్గం వేస్తుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల వరకు సైట్ వచ్చేస్తుంది. అంత సున్నితమైన లెక్క అది.

మరి మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు ఉన్నాయి కదా అనొచ్చు. ఇంట్లో దీపం వెలుతురు సాధారణంగా 100 నుంచి 500 లక్స్ మధ్య ఉంటుంది. ఆరుబయట చెట్టు నీడలో నిలబడినా అది కొన్ని వేల లక్స్. మంచి ఎండలో లక్ష దాకా వెళ్తుంది. మన కంటికి ఈ తేడా అంతగా తెలియదు, కనుపాప సర్దుకుపోతుంది. రెటీనాకు మాత్రం తెలుస్తుంది. టోపీ పెట్టుకుని నీడలో తిరిగినా ఇంట్లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు అందుతుంది కాబట్టి, ఎండలో మాడ్చాల్సిన పనేమీ లేదు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లలపై ఓ పెద్ద పరీక్ష చేశారు. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట పీరియడ్ పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే బయట తిరిగిన పిల్లల్లో 30.4 శాతం మందికి, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా సైట్ వచ్చింది. 2015లో వెలువడిన ఫలితాలివి. తైవాన్ 2010 నుంచే పిల్లలంతా రోజుకు 120 నిమిషాలు బయట ఉండాలని బడులను ప్రోత్సహిస్తోంది. అప్పటిదాకా ఏటా పైకే పోతున్న చూపు సమస్యల గ్రాఫు ఆ తర్వాత దిగడం మొదలైంది.

మన దగ్గరి లెక్కలూ ఇదే దారి చూపిస్తాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్ని పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో హ్రస్వదృష్టి 4.1 శాతం మందిలోనే కనిపించింది. ఢిల్లీ బడి పిల్లలపై ఎయిమ్స్ వైద్యులు చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో అది 13.1 శాతం. కాలం వేరు, ఊరు వేరు, నేరుగా పోల్చేయలేం. కానీ అదే ఢిల్లీ అధ్యయనంలో రోజుకు రెండు గంటలకు మించి బయట ఆడుకునే పిల్లలకు ముప్పు తక్కువని తేలింది.

ఇక్కడ ఒక్క మాట. బయటి వెలుతురు బాగా పనిచేసేది సైట్ కొత్తగా రాకుండా ఆపడంలోనే. ఇప్పటికే అద్దాలు వచ్చిన పిల్లల్లో దాని ప్రభావం తక్కువ. అలాంటి వాళ్లకు పవర్ వేగంగా పెరుగుతుంటే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన కళ్లద్దాల వంటివి కంటి వైద్యులు సూచిస్తారు. ‘సైటే కదా, అద్దాలు పెడితే సరి’ అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పవర్ బాగా ఎక్కువైతే పెద్ద వయసులో రెటీనా ఊడటం, నీటికాసుల వంటి సమస్యల ముప్పు పెరుగుతుంది.

బయట అంటే... ఎక్కడ?

నాంపల్లి, అబిడ్స్, కోఠి, కింగ్‌కోఠి చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు ఈ సలహా వినగానే నవ్వుతారు. కింద సెల్లార్ నిండా బండ్లు. గేటు దాటితే ఆటోలు. ఆటస్థలం సంగతి దేవుడెరుగు, సైకిల్ తొక్కే సందు కూడా ఉండదు. ఏదోలా కిందికి పంపించినా పిల్లాడు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూస్తుంటాడు. బయట ఉన్నట్టే లెక్క, చూపు మాత్రం ముంజేతి దూరం దాటదు.

పిట్టలు చూడటం అనే అలవాటు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. దీనికి గ్రౌండ్ అక్కర్లేదు, జట్టు అక్కర్లేదు, ఓడిపోవడం ఉండదు. ఒక్కటి మాత్రం తప్పదు. తల ఎత్తి దూరంగా చూడాలి. డాబా మీద నిలబడినా సరే.

మొదటి పాఠానికి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ చాలు. పెద్దవాళ్లు ఇప్పటికీ బాగ్-ఎ-ఆమ్ అంటారు. శాసనసభ, జూబ్లీహాల్, మ్యూజియం అన్నీ ఆ ఆవరణలోనే కాబట్టి మనకు గార్డెన్ కన్నా అవే గుర్తుంటాయి. ఉదయం పూట పాత చెట్ల కింద పావుగంట కదలకుండా కూర్చుంటే కాకి, పావురం, గోరింక, రామచిలుక, ఆకాశంలో గిరికీలు కొట్టే గద్ద... ఐదు రకాలు సులువుగా లెక్కకొస్తాయి. ఆరోదాన్ని పిల్లలే వెతుకుతారు.

పావురాల దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. మొజంజాహీ మార్కెట్ దగ్గర గుంపులుగా వాలే పావురాలకు గింజలు వేసి ఫొటోలు దిగడం మన నగరంలో చాలామందికి సరదా. చూడటం వేరు, రోజూ వాటి మధ్య మసలడం వేరు. ఎండిన రెట్ట, ఈకల పొడి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరిలో ఊపిరితిత్తులు వాచి గట్టిపడే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే జబ్బు వస్తుంది. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం దీని మొదటి గుర్తులు. ఆస్తమా ఉన్న పిల్లల్ని ఆ గుంపుల మధ్యకు తీసుకెళ్లకపోవడం మంచిది. బాల్కనీలో పావురాలు గూడు పెట్టుకుని ఉంటే రెట్టను పొడిగా ఊడ్చకండి. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని కడగండి.

హైదరాబాద్‌కు పిట్టల మనుషులు కొత్త కాదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931లో నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేశారు. 1941లో వచ్చిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం ఇప్పటికీ కొత్తవాళ్ల చేతిలో కనిపిస్తుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో పక్షుల పుస్తకాలు అప్పుడప్పుడూ దొరుకుతుంటాయి. పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి వాళ్లనే వెతకమనండి. 1980లో మొదలైన పక్షి ప్రేమికుల సంఘం ఒకటి నగరంలో ఉంది. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో చెరువుల వెంట, అడవుల వెంట నడకలు పెడుతోంది. ఒంటరిగా వెళ్లడానికి బెరుకుగా ఉంటే ఇలాంటి బృందంతో మొదటిసారి వెళ్లి రావడం మేలు.

నాంపల్లిలో ఎక్కి, వికారాబాద్‌లో దిగి...

ఒక రోజంతా ఊరి బయట గడపాలంటే దగ్గర్లో చోట్లకు కొదవ లేదు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గట్లున్నాయి. సంగారెడ్డి వైపు మంజీర అభయారణ్యం ఉంది. కానీ నాంపల్లి వాసులకు నా ఓటు అనంతగిరికే. కారు అవసరం లేదు. ఇంటి పక్క స్టేషన్‌లో రైలెక్కితే బేగంపేట, లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్. సుమారు 70 కిలోమీటర్లు. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుంటే కొండ ఐదారు కిలోమీటర్లే.

అనంతగిరికి ఆరోగ్యంతో పాత చుట్టరికం కూడా ఉంది. క్షయకు మందుల్లేని కాలంలో మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి, ఇవే చికిత్స. నిజాం కాలంలో ఈ కొండ మీద క్షయ ఆసుపత్రి కట్టింది అందుకే. మూసీ నది పుట్టేదీ ఇక్కడే. నయాపూల్ కింద చూసే మూసీని తలచుకుని, ఇక్కడి పల్చటి ధారను చూస్తే నమ్మబుద్ధి కాదు.

గత డిసెంబరులో ఓ ఆదివారం మేం ఏడుగురం వెళ్లాం. మా దంపతులం, మా పిల్లలిద్దరు, మా అత్తమ్మ, మామయ్య, తొమ్మిదేళ్ల మా తమ్ముడి కూతురు. చలికాలం ఎందుకంటే ఎండ నొప్పించదు, ఆకు రాలి చెట్లు పల్చబడతాయి, ఉత్తరాది నుంచి వలస పిట్టలూ దిగుతాయి. తెల్లవారుజామున పులిహోర, సర్వపిండి, ఉడకబెట్టిన పల్లీలు, జామకాయలు డబ్బాల్లో సర్దుకున్నాం. చిప్స్ ప్యాకెట్లు పెట్టలేదు. ఉప్పు సంగతి పక్కన పెట్టినా, ఆ కవరు చప్పుడుకే పిట్టలు ఎగిరిపోతాయి.

పిట్టలు చూడటం అనంతగిరిలో మొదలవుతుందనుకున్నాం. లింగంపల్లి దాటగానే రైలు కిటికీలోనే మొదలైంది. తీగల మీద చీలిన తోకతో నల్లటి పసులపోలిగాళ్లు, పొలాల్లో బర్రెల వెంట తెల్ల కొంగలు. శంకర్‌పల్లి దగ్గర రైలు నెమ్మదించినప్పుడు మా బాబు కేకేశాడు, ‘‘అదిగో, పాలపిట్ట!’’

మన రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని పంజరాల్లో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లను చూస్తుంటాం. వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం నేరం. పంజరంలో మూతి ముడుచుకు కూర్చున్న పిట్టకూ, తీగ మీంచి లేచి రెక్క విప్పగానే నీలం మెరిసే ఈ పిట్టకూ ఎక్కడైనా పోలిక ఉందా?

అందరం కిటికీకి అతుక్కున్నాం. మా తమ్ముడి కూతురు మాత్రం అటూ ఇటూ చూసి, ‘‘ఏదీ అత్తా? నాకు తీగలే కనిపిస్తున్నయి’’ అంది. బైనాక్యులర్ ఇచ్చాను. చక్రం తిప్పుకుని, ‘‘ఆ... ఇప్పుడు కనిపిస్తోంది, ముక్కు కూడా కనిపిస్తోంది!’’ అని గంతులేసింది. ఆ వారమే మా తమ్ముడు పరీక్ష చేయించాడు. రెండు కళ్లకూ మైనస్ ఒకటింపావు.

పిట్ట చెప్పే పరీక్షలు

దీని వెనకున్న సంగతి ప్రతి ఇంటికీ పనికొస్తుంది. సైట్ ఉన్న పిల్లలు ‘నాకు మసగ్గా ఉంది’ అని చెప్పరు. వాళ్లకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లోకం అలాగే ఉందేమో! పోల్చుకోవడానికి ఇంకో చూపు వాళ్ల దగ్గర లేదు. కానీ పదిమంది ఒకే కొమ్మ వంక చూస్తున్నప్పుడు, తొమ్మిది మందికి కనిపించింది ఒకరికి కనిపించకపోతే దాచిపెట్టడానికి వీలుండదు.

బైనాక్యులర్ దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. దాని మధ్య చక్రం దృశ్యాన్ని మన కంటికి తగ్గట్టు సర్దుతుంది. అంటే అద్దాలు చేయాల్సిన పనిలో కొంత అదే చేసేస్తుంది. అందుకే ఉత్త కంటికి ఏమీ కనిపించని పిల్ల, అందులో మాత్రం ముక్కుతో సహా చెబుతుంది. ఇలా జరిగితే ‘చూపు బాగానే ఉందిలే’ అనుకోకండి. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన గుర్తు సరిగ్గా అదే.

ఇంకోటి. చాలా బైనాక్యులర్లలో కుడి కంటి వైపు చిన్న రింగు ఉంటుంది. రెండు కళ్ల మధ్య తేడా ఉంటే సర్దుకోవడానికి. ముందు కుడి వైపు మూసి ఎడమ కన్నుతో మధ్య చక్రం సరిచేసుకోవాలి. తర్వాత ఎడమ వైపు మూసి ఈ రింగు తిప్పాలి. పిల్లలు దాన్ని ఒక చివరికి తిప్పితే గానీ కనిపించడం లేదంటే, లేదా ఒక కన్నుతో ఎంత తిప్పినా స్పష్టంగా రావడం లేదంటే ఆ కన్ను బలహీనంగా ఉందేమో చూపించాలి. దీన్నే బద్ధక కన్ను అంటుంటారు. మంచి కన్ను పని అంతా లాగించేస్తుంది కాబట్టి పిల్లలకు అసలు తెలియదు. ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే చికిత్స బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత కష్టమవుతూ వస్తుంది.

పెద్దవాళ్లకూ పరీక్ష తప్పలేదు. అనంతగిరి గుడి దాటాక అడవి బాటలో ఓ పూల చెట్టు నిండా తేనెపిట్టలు. సన్నటి కీచు కీచులు. పిల్లలు చెవులు రిక్కించి వింటుంటే మా మామయ్య, ‘‘అంతా నిశ్శబ్దంగా ఉంది కదా, హాయిగా!’’ అన్నారు. మేం మొహాలు చూసుకున్నాం. ఆయనకు 71 ఏళ్లు. కోకిల కూత, నెమలి అరుపు చక్కగా వింటారు. వయసుతో వచ్చే వినికిడి లోపం మొదట సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలను మింగేస్తుంది. చిన్న పిట్టల పాటలు అక్కడే ఉంటాయి. మన మాటల్లో ‘స’, ‘శ’ లాంటి ఊదుడు శబ్దాలు ఉండేదీ అక్కడే. అందుకే పెద్దవాళ్లు ‘‘వినిపిస్తోంది కానీ అర్థం కావట్లేదు, కొంచెం స్పష్టంగా మాట్లాడు’’ అంటుంటారు. అలాంటప్పుడు ఆడియోమెట్రీ పరీక్ష చేయించాలి. చెవుడు ముదిరే దాకా ఆగడం మంచిది కాదు. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం అదుపు చేయగల కారణాల్లో వినికిడి లోపం ముఖ్యమైందని లాన్సెట్ కమిషన్ పదే పదే చెబుతోంది.

ఎండకు ఎదురుగా చూసినప్పుడు వెలుగు చెదిరిపోయి పిట్ట రంగులే తెలియడం లేదని పెద్దవాళ్లు అంటే శుక్లాలు చూపించుకోవాలి. కొండ దిగేటప్పుడు ఆగి ఆగి పట్టుకుని దిగుతుంటే మోకాళ్ల సంగతి తెలుస్తుంది. ఇంట్లో సోఫా మీద కూర్చుంటే ఇవేవీ బయటపడవు.

అత్తమ్మ క్లాసు

ఆ రోజు మాకు అసలైన గైడు మా అత్తమ్మ. తాండూరు దగ్గరి పల్లెలో పెరిగిన మనిషి. ముప్పై ఏళ్లుగా నాంపల్లిలో ఉంటూ టీవీ సీరియళ్లు తప్ప ఏమీ పట్టనట్టు ఉండే ఆమె, అడవి బాట ఎక్కగానే మారిపోయింది. పొదలో ఇటుక రంగు రెక్కలతో బరువుగా గెంతుతున్నదాన్ని చూపించి, ‘‘అది కాకి కాదు బిడ్డా, జెముడుకాకి’’ అంది. ఈత చెట్టుకు వేలాడుతున్న గూళ్లు చూసి, ‘‘గిజిగాడి గూడు. కట్టేది మగది. ఆడది వచ్చి చూసి నచ్చితేనే కాపురం’’ అంది. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది.

కుంట గట్టు మీద ఓ పిట్ట మా నెత్తి మీదే తిరుగుతూ కేకలు పెట్టింది. ‘‘తీతువు. ఇది అరిస్తే చెడు అంటరు, పొద్దుగూకినంక వింటే మా అమ్మ తలుపేసేది’’ అని అత్తమ్మ కాస్త వెనక్కి తగ్గింది. బాబు ఫోన్‌లో చూసి చదివాడు. ఆ పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది. మనిషైనా నక్కైనా దగ్గరికొస్తే రాత్రయినా పగలైనా అరిచి తరిమేస్తుంది. ‘‘అంటే నానమ్మా, అది మనల్ని చూసి భయపడి అరుస్తోంది’’ అన్నాడు. ‘‘అట్లనా! పాపం, పదండి ఇటు పోదాం’’ అని ఆమే ముందు దారి మార్చింది.

ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు మధ్య మాట్లాడుకునే విషయాలు తగ్గిపోయాయని మనం బాధపడుతుంటాం. ఇక్కడ పేర్లు నానమ్మ దగ్గర ఉన్నాయి, కళ్లు పిల్లల దగ్గర ఉన్నాయి. ఒకరు లేకుండా ఇంకొకరికి పని జరగదు. ఆ సాయంత్రం రైల్లో వాళ్లిద్దరూ కూర్చుని రాసిన జాబితాలో 34 పేర్లున్నాయి. అందులో రెండింటి మీద ఇప్పటికీ గొడవే.

మనసు సంగతి కూడా చెప్పుకోవాలి. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 1,292 మంది ఫోన్లలో ఓ యాప్ పెట్టి, రోజులో చాలాసార్లు వాళ్ల మూడ్ ఎలా ఉందో, చుట్టూ పిట్టలు కనిపిస్తున్నాయో వినిపిస్తున్నాయో అడిగారు. 2022లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం పిట్టల్ని చూసినా విన్నా మనసు తేలికపడింది, ఆ ప్రభావం ఎనిమిది గంటల వరకూ నిలిచింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలోనూ అదే కనిపించింది. అదే ఏడాది జర్మనీలో 295 మందికి ఆరు నిమిషాల పాటు ఒక్కొక్కరికి ఒక్కో రకం శబ్దం వినిపించారు. పిట్టల పాటలు విన్నవాళ్లలో ఆందోళన తగ్గింది. ట్రాఫిక్ మోత విన్నవాళ్లలో దిగులు పెరిగింది. అబిడ్స్ సర్కిల్ పక్కన ఇల్లున్న వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్లు ఇది చదివి మానేయకూడదు. మందులతో పాటు ఇదీ, అంతే.

బయల్దేరే ముందు

బైనాక్యులర్ కొనాలనుకుంటే 8x32 లేదా 8x42 అని రాసి ఉన్నవి ఇంటిల్లిపాదికీ సరిపోతాయి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 10 రెట్లు, 20 రెట్లు అంటే గొప్పగా ఉంటుందనుకుంటాం కానీ చేయి కాస్త వణికినా దృశ్యం ఊగిపోతుంది. పిల్లలకు తేలికైన 32 మేలు. కళ్లద్దాలు ఉన్నవాళ్లు తీయక్కర్లేదు, కంటి దగ్గరి రబ్బరు కప్పును లోపలికి తిప్పేస్తే చాలు. దానితో సూర్యుడి వైపు ఒక్క క్షణం కూడా చూడకూడదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. రెటీనా కాలిపోతుంది, తిరిగి రాదు.

మెడ నొప్పి ఉన్నవాళ్లు చెట్టు కిందే నిలబడి తల వెనక్కి వాల్చి చూడకండి. పది అడుగులు వెనక్కి జరిగితే అదే పిట్ట తక్కువ కోణంలో కనిపిస్తుంది. లేదా చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని చూడండి. పిల్లలకు అదే ఇష్టం.

మధుమేహం ఉన్నవాళ్లు అల్పాహారం, మాత్ర, ఇన్సులిన్ వేళలు రైలు టైముకు తగ్గట్టు ముందే లెక్క చూసుకోవాలి. చక్కెర పడిపోతే తినడానికి జేబులో గ్లూకోజ్ ఉండాలి. చెప్పులు వద్దు, మడమ మూసిన బూట్లు, సాక్సులు వేసుకోవాలి. రాత్రి ఇంటికొచ్చాక అరికాళ్లు ఒకసారి చూసుకోవాలి. పిట్టల కోసం నడిచే నడక ఆగి ఆగి నడిచేది. ఉదయం చేసే చురుకు నడకకు ఇది బదులు కాదు.

గడ్డిలో, రాళ్ల కుప్పల్లో చేతులు పెట్టకూడదు, బాట దిగకూడదు. పాము కరిస్తే గుడ్డతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, యాంటీవీనమ్ ఉండే ఆసుపత్రికి చేర్చాలి. అనంతగిరిలో కోతుల బెడద ఎక్కువ. చేతిలో తిండి కవర్లు కనిపించనీయకండి, వాటికి పెట్టకండి. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. చచ్చిపడిన పిట్టల్ని పిల్లలు ముట్టుకోకుండా చూడాలి. ఫోన్‌లో కూతలు పెట్టి పిట్టల్ని పిలవడం, గూళ్ల దగ్గరికి వెళ్లి ఫొటోలు తీయడం వద్దు.

ఏడాదికి ఒక్క అనంతగిరితో కంటికి ఒరిగేదేమీ ఉండదు. రోజూ గంటన్నర, రెండు గంటల వెలుతురు కావాలి. బడికి నడిచి వెళ్లే దారి, లంచ్ బ్రేక్, సాయంత్రం డాబా అన్నీ కలిపి. పిక్నిక్ పని పిల్లాడికి ఆ డాబా ఎక్కే కారణం ఒకటి ఇవ్వడమే. చూపు పరీక్ష మాత్రం ఏ లక్షణాలూ లేకపోయినా బడిలో చేర్చేలోపు ఒకసారి, ఆ తర్వాత ఏటా చేయించండి. తల్లిదండ్రులిద్దరికీ సైట్ ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ పేరుతో పిట్టల లెక్క జరుగుతుంది. ఎవరైనా పాల్గొనవచ్చు, రుసుము లేదు. పెరడు, పార్కు, డాబా ఎక్కడైనా సరే కనీసం 15 నిమిషాలు నిలబడి కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి ‘ఈబర్డ్’ యాప్‌లో నమోదు చేయాలి. యాప్ ఫోన్లో వేసుకోవడానికి అయ్యే టైములో నాంపల్లి డాబా మీంచి నాలుగు గద్దలు, డజను రామచిలుకలు ఎలాగూ వెళ్తాయి.